విండోస్ 10 గడువు ముగిసింది: మీ కంప్యూటర్‌కు సరైన ఇన్‌స్టాలర్ ఏది? షాపు పెన్‌డ్రైవ్‌తో వచ్చే చిక్కేంటి?

ల్యాప్‌టాప్ నెమ్మదించగానే చాలామంది చేసే మొదటి పని దగ్గర్లోని కంప్యూటర్ షాపుకు తీసుకెళ్లడం. ‘ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేయండి’ అంటాం. గంటా రెండు గంటల్లో పని అయిపోతుంది. ఏ విండోస్ వేశారు, ఆ ఫైల్ ఎక్కడిది అని మాత్రం అడగం.

ఇప్పుడు అడగాల్సిన అవసరం వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. దాంతో కంప్యూటర్ ఏమీ ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు మామూలుగా రావు. మనం బ్యాంకు లావాదేవీలు చేసేది, ఆధార్ డౌన్‌లోడ్ చేసుకునేది, పిల్లల ఈఏపీసెట్ దరఖాస్తు నింపేది ఆ కంప్యూటర్‌లోనే. అందుకే చాలామంది విండోస్ మార్చే పనిలో పడ్డారు. ఈ క్రమంలో జరిగే పొరపాట్లు ఏమిటో, వాటిని ఎలా తప్పించుకోవచ్చో చూద్దాం.

ముందు ఏం చూసుకోవాలి?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ‘సిస్టమ్ టైప్’ అనే వరుసలో రెండు విషయాలు ఉంటాయి. మొదటిది ఇప్పుడున్న విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అనేది. రెండోది ప్రాసెసర్ రకం. ‘32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్’ అని ఉంటే, మీ కంప్యూటర్‌కు 64 బిట్ విండోస్‌ను నడిపే శక్తి ఉన్నా ఎవరో 32 బిట్ వేశారని అర్థం. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. ఇలాంటి కంప్యూటర్‌ను అప్‌గ్రేడ్ చేయడం కుదరదు. డేటా పక్కకు తీసి, మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లకు ‘ఆర్మ్64’ ఫైల్ వేరుగా ఉంటుంది. ఇంటెల్, ఏఎండీ చిప్‌లకు వాడే ఎక్స్64 ఫైల్ వాటిలో పనిచేయదు.

విండోస్ 11 పడుతుందా?

64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే స్థూలంగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి పనికొస్తాయి. ప్రాసెసర్ పేరులో తరం తెలుస్తుంది. ఐ5-7200యు ఏడో తరం, ఐ5-8250యు ఎనిమిదో తరం.

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ యాప్ ఈ లెక్కంతా చూసి చెబుతుంది. టీపీఎం లేదని చూపినా కంగారుపడొద్దు. కొన్ని కంప్యూటర్లలో అది ఉన్నా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది.

హోమ్ వేయాలా? ప్రో వేయాలా?

అసలు నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతోంది. విండోస్ 10తో కలిపి కొన్న ల్యాప్‌టాప్‌లో ప్రోడక్ట్ కీ సాధారణంగా మదర్‌బోర్డు చిప్‌లోనే నిక్షిప్తమై ఉంటుంది. మన దగ్గర అమ్మే వాటిలో చాలా వరకు ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ లైసెన్సుతో వస్తాయి. అంటే విండోస్‌కు మీరు డబ్బు కట్టేశారు. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే, ఇంటర్నెట్‌కు కలపగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

షాపు పెన్‌డ్రైవ్‌లో ప్రో ఉందనుకోండి. మీ లైసెన్సు దానికి సరిపోదు. అప్పుడు ‘యాక్టివేటర్’ అనే క్రాక్ సాఫ్ట్‌వేర్ నడుపుతారు. అది పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపాలంటారు. ఇంటి తాళం తీసి, తెలియని మనిషిని లోపలికి పంపడమే ఇది. పాస్‌వర్డ్‌లు కాజేసే మాల్‌వేర్ ఇలాంటి వాటితోనే వస్తుంటుంది. పైగా, పైరసీ కాపీ అని తెలిసి వాడటం 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద నేరం. చేతిలో అసలు లైసెన్సు ఉండి కూడా ఈ తలనొప్పి తెచ్చుకుంటున్నామన్నమాట.

సెట్టింగ్స్‌లో ‘యాక్టివేషన్’ పేజీ తెరిస్తే ఇప్పుడున్న ఎడిషన్ పేరు కనిపిస్తుంది. షాపుకు వెళ్లే ముందే దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేయాలి?

మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్‌లో ఫైల్ ఉచితంగానే దొరుకుతుంది. అందులో హోమ్, సింగిల్ లాంగ్వేజ్, ప్రో కలిసే ఉంటాయి. మదర్‌బోర్డులోని కీని చూసి ఇన్‌స్టాలరే సరైనదాన్ని ఎంచుకుంటుంది. దీనికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని మరవొద్దు.

భాష దగ్గర జాగ్రత్త. ‘ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్’, ‘ఇంగ్లిష్ ఇంటర్నేషనల్’ రెండూ వేర్వేరు. ఇప్పుడున్న భాషకు తేడా వస్తే, అప్‌గ్రేడ్‌లో మీ సాఫ్ట్‌వేర్లను అలాగే ఉంచుకునే వీలు పోతుంది. తెలుగు కీబోర్డును తర్వాత సెట్టింగ్స్‌లో చేర్చుకోవచ్చు.

ఫైల్ ఇంకెవరైనా ఇస్తే ‘ఎస్‌హెచ్‌ఏ-256’ విలువ సరిచూడాలి. ఫైల్‌కు ఇది వేలిముద్ర లాంటిది. మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన విలువతో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ వాడొద్దు.

విండోస్ 11 పట్టకపోతే?

మూడు దారులున్నాయి. మొదటిది, విండోస్ 10 22హెచ్2 వెర్షన్ ఉన్నవారికి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ‘ఈఎస్‌యూ’ పథకం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్‌ను సింక్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే నమోదు కావచ్చు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది.

రెండోది లినక్స్. ఉబుంటు లాంటి వాటిలో ‘ఎల్‌టీఎస్’ అని ఉన్న వెర్షన్ తీసుకుంటే ఐదేళ్లు ఉచిత అప్‌డేట్లు వస్తాయి. సీడాక్ రూపొందించిన ‘బాస్’ కూడా ఉంది. ఉబుంటును ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు.

మూడోది, తనిఖీలను దాటవేసి విండోస్ 11 వేయడం. కొన్ని షాపులు ఇదే చేస్తాయి. ఇలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. అలాంటప్పుడు మార్చిన ప్రయోజనమే నెరవేరదు.

ఇంటర్నెట్ సెంటర్ నడిపేవారు మరో విషయం చూసుకోవాలి. వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్, ప్రింటర్లకు కొత్త సిస్టమ్‌లో పనిచేసే డ్రైవర్లు ఉన్నాయని తేలాకే మార్చండి.

షాపులో ఏం అడగాలి?

ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసుకోండి. తర్వాత ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఫైల్ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తెచ్చిందేనా? నా ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఎడిషనే వేస్తున్నారా? యాక్టివేటర్ ఏమైనా వాడుతున్నారా?

తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే యాక్టివేషన్ పేజీ తెరిచి, ముందు తీసిన ఫొటోతో పోల్చుకోండి. ఇప్పటికే క్రాక్ వేయించుకుని ఉంటే, కేంద్ర ప్రభుత్వ ‘సైబర్ స్వచ్ఛతా కేంద్రం’ వెబ్‌సైట్‌లో మాల్‌వేర్ తొలగించే ఉచిత టూల్స్ ఉన్నాయి. మరో పరికరం నుంచి బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చేయండి. డబ్బు పోయినట్టు గమనిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.