పాత కార్ల రబ్బరు భాగములు

మన కర్షక సోదరులలో కొందరి యిండ్ల పాత అంబాసిడరు కార్లు నేటికిని కలవు. 2014లో వాని తయారీ నిలిచినది మొదలు, ఎండిన రబ్బరునే బాగుచేసి వాడవలెనను పట్టుదల కొందరిలో కనుపట్టుచున్నది. ఈ విషయమున మా యభిప్రాయమును దాపరికము లేక చెప్పెదము.

1839లో అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో వేడిచేసి దృఢపరచు విధమును కనుగొనెను. అట్టి రబ్బరును ఎండకును, గాలిలోని ఓజోనునకును బీటలు వారును. వారిన బీట మరల నతుకదు. తలుపు పట్టీలు కొంచెము బిరుసెక్కినంతమాత్రమే యైనచో, సబ్బునీట కడిగి, ఆరిన పిదప గ్లిసరిను పలుచగా రాయవచ్చును. కిరసనాయిలు, ఇంజను నూనె రాయుదురు. అప్పటికి నిగనిగలాడును గాని, సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడి చెడును. తొలినాటి బ్రేకులలో మన మెట్టరైతు లెరిగిన ఆముదమునే మద్యసారముతో కలిపి పోసెడివారు. అది రబ్బరును చెరుపదు. ఐనను నేడు బ్రేకులో ఆముదము పోయరాదు. ఆ బండికి నిర్ణయించిన ద్రవమునే పోయవలెను.

బ్రేకు వాషర్లు, పెట్రోలు గొట్టములు మాత్రము బాగుచేయదగినవి కావు. పాతవానినే కడిగి పెట్టెదనను మెకానిక్కునకు బండి నప్పగింపక, క్రొత్తవి తెచ్చి వేయించుడు.