రంగు మంచిదే... గోడే తడిది!

మొన్న వేసవిలో చిలకలూరిపేట దగ్గర మా అక్కయ్య వాళ్లింటికి వెళ్లాను. మంచినీళ్లిస్తూనే "గ్లాసు అడుగు చూసుకుని తాగరా" అంది. చూస్తే నీలం పెచ్చు ఒకటి! సంపు మూత తీస్తే గోడల నిండా బొబ్బలే. వేలు తగిలితే చాలు, పూత అప్పడంలా ఊడొస్తోంది. ఎపాక్సీ వేయించి ఏడాదే అయింది. బావ కోపమంతా రంగు అమ్మినవాడి మీదే.

కానీ ఇలాంటి పూతలు ఎక్కువగా చెడేది డబ్బాలో సరుకు వల్ల కాదు, గోడను సిద్ధం చేయకపోవడం వల్ల.

మిర్చి రైతు కదా, బావకు ఆ భాషలోనే చెప్పాను. "కళ్లంలో సరిగా ఎండని కాయను బస్తాకెత్తుతావా బావా?"

"బూజు పట్టి పోదూ!"

"గోడా అంతే. పైకి పొడిగా కనిపిస్తుంది, లోపల చెమ్మ ఉంటుంది. దానిమీద ఎపాక్సీ వేస్తే ఆ చెమ్మకు దారి ఉండదు. పూతనే పైకి లేపుతుంది."

మన నల్లరేగడిలో సంపుకు ఇంకో చిక్కు. వానలకు ఈ మట్టి ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలిస్తుంది. ఆ ఒత్తిడికి గోడ చీలితే పూతా చీలుతుంది. వానాకాలంలో సంపు ఖాళీ చేస్తే బయటి నీరు గోడలోంచి లోపలికి తోసుకొచ్చి పూతను వెనకనుంచి నెట్టేస్తుంది. అందుకే ముందు పగుళ్లు పూడ్చాలి, ఆ తర్వాతే పూత.

మిద్దె మీది ట్యాంకుకు ఎండే శత్రువు. పొద్దున పూత మొదలుపెడితే, ఎండెక్కేకొద్దీ కాంక్రీటు సన్న రంధ్రాల్లోని గాలి ఉబ్బి బయటికొస్తుంది. తడి పూతలో బుడగలు, సూది బెజ్జాలు మిగులుతాయి. సాయంత్రం గోడ చల్లబడుతున్నప్పుడు వేయడం మేలు.

కొత్త ట్యాంకైతే తొందర వద్దు. వేడి, పొడి వాతావరణంలో కాంక్రీటును కనీసం 10 రోజులు తడపాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. ఎపాక్సీకి మామూలుగా 28 రోజులు ఆగమంటారు. పైన తేలి గట్టిపడిన సిమెంటు పాల పొర నునుపుగా, ముచ్చటగా ఉంటుంది కానీ దానికి బలం ఉండదు. దాన్ని గీకి, దుమ్ము కడిగి, ఆరనివ్వాలి. పాత పూత, పాచి కూడా అంతే.

గోడ ఆరిందో లేదో తేల్చడానికి కాసింత ఖర్చు చాలు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పాలిథిన్ కవరును గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు లోపల చెమ్మ పడితే ఎపాక్సీ డబ్బా విప్పొద్దు. ఎంతకీ ఆరని సంపుకు, తడిని ఓర్చుకునే సిమెంటు ఆధారిత పూత నయం. ఏది కొన్నా తాగునీటికి పనికొస్తుందని డబ్బామీద ఉందో లేదో చూడండి. సంపులోకి ఒంటరిగా దిగకండి, గాలి ఆడనివ్వండి.

ఇదంతా రంగు గొడవేనా? కాదు. 1967లో నీళ్లు వదిలిన సాగర్ కుడికాల్వను నమ్ముకుని చెరువులు నింపుకుని, వేసవి దాటించే ఊళ్లు మనవి. కనిగిరి వైపు బోరు వేసుకుందామంటే ఫ్లోరైడు భయం. అలాంటిచోట సంపు పగిలితే దాచుకున్న నీరు బయటికి పోతుంది. సంపు ఖాళీగా ఉన్నప్పుడు బయటి మురుగు లోపలికొస్తుంది. పిల్లలు తాగేది ఆ నీళ్లే.

బావ పాత పూతంతా గీకించాడు. పగుళ్లు పూడ్పించి, కవరు అంటించాడు. మొదటిసారి చెమ్మ. వారం ఆగి చూస్తే మళ్లీ చెమ్మే. "మూడోసారీ ఇంతేనంటావా?" అని ఫోన్ చేశాడు. "కాయ ఎండిందాకా ఆగుతావుగా బావా, ఇక్కడా ఆగు" అన్నాను.