అంబేడ్కర్ రాజీనామా, మా అత్త సంతకం

ఏప్రిల్ 14 వస్తే మనమంతా అంబేడ్కర్ గారి గురించి మాట్లాడతాం. రాజ్యాంగం రాశారంటాం, అంటరానితనం మీద పోరాడారంటాం. వక్తృత్వ పోటీలో నేనూ రెండేళ్లు అదే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆయన మంత్రి పదవి ఎందుకు వదిలేశారో మాత్రం చెప్పలేదు. అప్పటికి నాకు తెలియదు కాబట్టి.

ఆయన మనలాంటి కాలేజీలో పాఠం చెప్పిన మనిషి. 1928లో బొంబాయి గవర్నమెంట్ లా కాలేజీలో అధ్యాపకుడు, 1935లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్. శాసనసభలోకి అంతకుముందే, 1927లో అడుగుపెట్టారు. పొద్దున చట్టం బోధించి, సభకు పోయి ఆ చట్టం ఎందుకు చాలదో వాదించిన మనిషన్నమాట. 1928లో ఆ సభకు ఫ్యాక్టరీ ఆడవాళ్లకు ప్రసూతి భృతి ఇచ్చే బిల్లు వస్తే దాన్ని సమర్థించారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు అన్నది ఆయన వాదన. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనికి పోయే ఆడవాళ్ల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

అయితే నేను చెప్పాలనుకున్నది హిందూ కోడ్ బిల్లు గురించి. పెళ్లి, విడాకులు, దత్తత, ఆస్తి అన్నిటికీ కలిపి ఒక చట్టం. అందులో కూతురికీ ఆస్తిలో వాటా ఉంది. న్యాయమంత్రిగా అంబేడ్కర్ దాన్ని ఏళ్ల తరబడి మోశారు. మన తెలుగావిడ దుర్గాబాయి సభలో దానికి అండగా నిలిచారు. ఎంతమంది ఎన్ని విధాల అడ్డుపడ్డారో! చివరికి 1951 సెప్టెంబరులో నాలుగు క్లాజులు మాత్రం దాటాక బిల్లును పక్కన పెట్టేశారు. ఆ నెల 27న ఆయన రాజీనామా చేశారు. వేరే కారణాలూ ఉన్నాయి, కాదనను. కానీ ఈ బిల్లు వాటిలో పెద్దది. ఆ తర్వాత 1952లో లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు కూడా.

బిల్లు ముక్కలై తిరిగొచ్చింది. 1956లో వారసత్వ చట్టం అయింది గానీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉండిపోయింది. దాన్ని కూతుళ్లకూ ఇచ్చినది ముందు ఆంధ్రప్రదేశ్, 1985లో. మన తమిళనాడులో 1989 మార్చి 25 నుంచి వచ్చింది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు. దేశమంతటికీ 2005లో.

ఇక మా ఇంటి సంగతి. మా మేనత్తను విరుదునగర్‌కు ఇచ్చారు, 1992లో. అంటే లెక్క ప్రకారం ఆమెకు హక్కు ఉంది. మా తాతకు కోవిల్‌పట్టి పక్కన ఆరెకరాల నల్లరేగడి. తాత పోయాక నాయన, చిన్నాయన ఆమెను పిలిపించారు. ఆమె సాత్తూరు మీదుగా బస్సెక్కి వచ్చి, విడుదల పత్రంలో సంతకం పెట్టి, మా ఇంట్లో భోంచేసి, సాయంత్రం బస్సుకు పోయింది. అమ్మ కొత్త చీర పెట్టింది. ఎవరూ గొంతు పెంచలేదు. ఎవరూ ఆమెను బెదిరించలేదు కూడా.

పోయిన సెలవుల్లో అడిగాను, "ఎందుకు పెట్టావత్తా?" అని. "భూమి అడిగితే మళ్లీ పండక్కి నన్ను పిలిచేదెవరే?" అంది. నాకు జవాబు దొరకలేదు. నాయన్ని అడిగితే, "దాని పెళ్లికి తెచ్చిన అప్పు ఆరేళ్లు తీర్చాను, తెలుసా?" అన్నారు. అదీ అబద్ధం కాదు. కానీ అత్తకు పెట్టిన నగలూ సామాన్లూ ఏనాడూ ఆమె చేతిలో నిలవలేదు. భూమి నిలిచేది. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదనే మాట నేను ఒప్పుకోను. కట్నం 1961 నుంచే నేరం. నేరంగా ఇచ్చినదాన్ని హక్కుకు బదులు ఎలా లెక్కేస్తాం?

అందరూ అన్నదమ్ముల మీద కోర్టుకు పోవాలని నేననడం లేదు. వాటా వద్దనుకునేవాళ్లు వదులుకోవచ్చు, అదీ హక్కే. వదులుకునేది ఎంతో తెలియకుండా వదులుకోవడం మాత్రం వదులుకోవడం కాదు. సంతకానికి ముందు పత్రం మొత్తం ఆమెకు చదివి వినిపించాలి, భూమి ఎంత, ధర ఎంత అని చెప్పాలి. ఆ రోజు మా ఇంట్లో అది జరగలేదు. నేను పక్క గదిలో పరీక్షకు చదువుకుంటున్నాను. వినే ఉంటాను, పట్టించుకోలేదు.

ఈ వ్యాసం రాశాక అత్తకు ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆరెకరాల్లో నాది ఎంతయ్యేదే?" అని అడిగింది.

రెండెకరాలు అని చెప్పాను.