నాన్నగారి అంబాసిడర్



మా పెరటిలోని రేకుల షెడ్డు ఈ మధ్యనే ఖాళీ అయినది. నాన్నగారు కన్నుమూసిన తరువాత పదకొండు సంవత్సరములు అందులోనే నిలిచిపోయిన ఆయన అంబాసిడర్ కారును అమ్మివేసాము. బాధ కలిగిన మాట నిజమే. కాని ఆ అమ్మకములో మేము నేర్చుకొన్న సంగతి ఒకటి మీతో చెప్పవలెనని తోచినది.

అది 1970లో తయారైన మార్క్ 2. కోల్‌కతా దగ్గర ఉత్తరపారలోని హిందుస్థాన్ మోటార్స్ వారి బండి. 2014లో అక్కడ ఆ కార్ల తయారీ ఆగిపోయినది. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసిన రోజులలో నాన్నగారు దానిని సెకండ్ హ్యాండులో కొన్నారు. స్టీరింగ్ ప్రక్కనే గేరు రాడ్డు, ముందు ఒకే పొడవాటి సీటు. ఆదివారము ఆరాధనకు మేము ఆరుగురమూ, దారిలో ఎదురైన ముసలమ్మలూ అందులోనే సర్దుకొనేవారము. పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది డీజిలు ఇంజను వేయించుకొన్నారు. నాన్నగారు మాత్రము ఒప్పుకొనలేదు.

ఆయన వెళ్ళిపోయిన తరువాత మేము చేసినదేమి? వచ్చినవారికి షెడ్డు తలుపు తీసి చూపించి, గొప్పగా చెప్పుకొన్నాము. అంతే. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినది. ఎలుకలు వైర్లు కొరికినవి. వర్షాకాలపు చెమ్మకు కాళ్ళ క్రింది రేకు, డిక్కీ అడుగు తుప్పుపట్టి చిల్లులు పడినవి. విజయవాడ ఆటోనగర్ నుండి పిలిపించిన మేస్త్రీ వేలితో నొక్కగా వేలు రేకులోనికి దిగిపోయినది. “బాగుచేయాలంటే రెండున్నర లక్షల పైమాటేనండీ” అన్నాడు. అంత మా వల్ల కాదు.

ఇక అమ్ముదామనుకొన్నాము. ఒక బ్రోకరు వచ్చి, “చిల్లులకు పుట్టీ పెట్టి పైన రంగు కొట్టిద్దాము. లక్షా ఎనభై వేలకు అమ్మిపెడతాను. ఎవరైనా అడిగితే తుప్పు లేదనండి, చాలు” అన్నాడు. ఆ రాత్రి మేమిద్దరమూ ఆ లెక్కే వేసుకొంటూ కూర్చున్నాము. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసి ఉన్నది. శోధన చిన్నది కాదు. మా మాటలు విన్న అమ్మ, “మీ నాన్న బండి చూపించి అబద్ధమాడి తెచ్చే డబ్బు నా మనవరాలి చదువుకు వద్దురా” అన్నది.

మరునాడు కారులోని లోపములన్నియు ఒక కాగితము మీద వ్రాసాము. పదిహేడు తేలినవి. పాత కార్లు బాగుచేసుకొనే ఒక యువకుడు రాజమండ్రి నుండి వచ్చినప్పుడు ఆ కాగితమే ముందుగా చేతికిచ్చాము. అతడు కారు క్రింద పడుకొని చూచి, “పద్దెనిమిదోది మీరు చూడలేదండీ” అని నవ్వాడు. తొంభై వేలు ఇచ్చాడు.

అతనికి సంతోషము కలిగించినది ఇంజను. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము, యాభై ఏళ్ళు దాటిన బండి చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పుచేయకుండా ఉంటేనే వింటేజ్ వాహనముగా నమోదు అవుతుంది. పాత నంబరు అలాగే ఉంచుకొనవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకొనిపోవచ్చును గాని రోజూ తిరుగుటకు వీలులేదు. నాన్నగారి పట్టుదల ఇన్నాళ్ళకు పనికివచ్చినది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత బండి అమ్మేవారు ఫారము 29, 30 మీద సంతకములు చేసి ఊరుకొనకండి. ఆర్.సి.లో పేరు మారేవరకు వెంటపడండి. మన పేరు ఉన్నంతకాలము ఆ బండి వలన ప్రమాదము జరిగితే బాధ్యత మన మీదికే వస్తుంది.

కారును లారీ ఎక్కిస్తుంటే అమ్మ బానెట్ మీద చేయి వేసి నిలుచున్నది. మొన్న ఆ యువకుడు ఫోటో పంపాడు. చిల్లుల చోట కొత్త రేకు అతికించి ఉన్నది. అమ్మ కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూచి, “మనము చేయవలసిన పని ఆ అబ్బాయి చేస్తున్నాడు” అన్నది. మేము తల దించుకొన్నాము.

మీ ఇంటిలో కూడా ప్రేమగా దాచుకొన్నామనుకొంటూ మూలన పడవేసినదేదైనా ఉంటే, ఈ వారము తలుపు తీసి చూడండి. బాగుచేయగలిగితే చేయండి. లేనియెడల చేయగలవారికి, ఉన్నది ఉన్నట్లు చెప్పి, అప్పగించండి.