రాయితీ ఉంది, చేయి పట్టేవారేరి?

ఆళ్లగడ్డకు రైలు లేదు. అక్కడి అంధులు బస్సులో నంద్యాల వచ్చి రైలెక్కాలి. పూర్తిగా చూపులేనివారికి స్లీపర్ టికెట్‌పై 75 శాతం రాయితీ ఉంది. తోడు వచ్చేవారికీ అంతే. కానీ ఒంటరిగా బయలుదేరినవారికి కావలసింది గేటు నుంచి బోగీ దాకా నడిపించే మనిషి. ప్లాట్‌ఫారం మారిందని మైకులో విన్నా, ఎటు నడవాలో ఎవరు చూపిస్తారు?

ఇది దయ కాదు, హక్కు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రైల్వేస్టేషన్లు వారికి అనువుగా ఉండాలంటోంది. చూపులేని రాజీవ్ రటూరి వేసిన కేసులో, ఇలాంటి ప్రమాణాలు సూచనలుగా మిగలరాదని, తప్పనిసరి నియమాలు కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పిచ్చింది.

139కు ముందుగా చెబితే ఉద్యోగి ఒకరు గేటు వద్దే ఎదురు రావాలి. నంద్యాల, ఆళ్లగడ్డ సంఘాలు కలిసి గుంటూరు డివిజన్ అధికారులకు ఈ విన్నపం పంపాలి. అందులో మొదటి సంతకం చూపులేని సహోదరులదే కావాలి.