వద్దు అనగలిగిన ఇల్లు

డిసెంబరు సెలవులకు అండమాన్ పోవాలని మన ఇళ్ళలో మాట నడస్తా ఉంది. కోయంబత్తూరు వాళ్ళు, మదురై వాళ్ళు, పిల్లలతో కలిపి పదిహేను మంది దాకా తేలతారు. ఎక్కడ దిగాలి అనే దగ్గర మాత్రం రెండు పక్షాలు అయినాయి. పెద్ద హోటల్ ప్యాకేజీలో మూడు పూటలా బఫే, ఈత కొలను, వాటికి మించి 'డైవింగ్ గ్యారంటీ' అని ఉంది. మేము పోయిన ఏడు ఉండి వచ్చిన చిన్న చోట ఇవేవీ లేవు. అయినా అక్కడికే పోదామని మేము అంటున్నాము. ఎందుకని పెద్దవాళ్ళు అడిగినారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాము.

మేము ఉండింది హేవ్‌లాక్ దీవిలో. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టినారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి సర్కారు పడవలో సుమారు రెండున్నర గంటల దారి. అక్కడ బీచ్‌లను నంబర్లతో పిలుస్తారు: మూడో నంబరు, ఐదో నంబరు, ఏడో నంబరు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు 1950లలో సర్కారు ఈ దీవిలో భూములిచ్చింది. మేము దిగిన ఇల్లు అట్లాంటి ఒక కుటుంబానిదే, ఇప్పుడు మూడో తరం. గదులు ఆరే. వెనక కొబ్బరి, పోక చెట్లు, ముందర సముద్రం. అన్న డైవింగ్ నేర్పిస్తాడు, వదిన వంటా లెక్కా చూసుకుంటుంది, వాళ్ళ నాయన తెల్లారకముందే ఒడ్డున నిలబడి గాలి చూస్తాడు. కరెంటు పోతుంటుంది, కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయి. ఇవి దాచేది లేదు.

పడవలో సిలిండర్లు సర్దే అబ్బాయిది తెలుగే. వాళ్ళ తాత సిక్కోలు తీరం నుంచి వచ్చినాడంట. ఆశ్చర్యం లేదు, 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది తెలుగును మాతృభాషగా చెప్పినారు. అతను 'ఏటండీ' అంటే మేము 'ఏమప్పా' అంటాము. మా తెలుగులో అరవమూ కన్నడమూ కలిసి ఉంటే అతనికి ఒకటే నవ్వు.

ఇక అసలు సంగతి. రెండో రోజు మాలో ఒకరికి జలుబు చేసింది. జ్వరం లేదు, ముక్కు దిబ్బడ మాత్రమే. డబ్బు ముందే కట్టి ఉన్నాము. అన్న వినగానే 'ఈ రోజు వద్దు' అనేసినాడు. కారణం కూడా చెప్పినాడు. నీళ్ళలో పది మీటర్లు దిగితే ఒత్తిడి పైనున్న దానికి రెండింతలు అవుతుంది. చెవి లోపలి గాలి కుంగుతుంది. ముక్కు పట్టుకుని మెల్లగా ఊది, చెవిలోకి గాలి పంపుకుంటా దిగాలి. జలుబుతో ఆ దారి మూసుకుంటే కర్ణభేరి చిరగవచ్చు. మాత్ర మింగి దిగితే, దాని బలం లోపల ఉండగానే తగ్గిపోయి, పైకి వచ్చేటప్పుడు కష్టం రావచ్చు.

మూడో రోజు గాలి మారింది. ముసలాయన తల అడ్డంగా ఊపినాడు, అంతే, పడవ కదల్లేదు. వేరే గదుల్లో వాళ్ళు ఇద్దరు ముగ్గురు కోప్పడినారు కూడా. అందరికీ డైవింగ్ డబ్బు తిరిగి ఇచ్చేసినారు. ఆరు గదుల ఇంటికి ఒక రోజు రాబడి పోవడమంటే ఎంతో మనకు చెప్పాల్సిన పని లేదు.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రిలీజ్ రోజు 'అయిపోయిందా' అని అడిగేవాళ్ళు పది మంది ఉంటారు. 'ఇప్పుడు వద్దు' అని నిలిపే హక్కు ఎవరికి ఉందో చూస్తే ఆ కంపెనీ ఎట్లాంటిదో తెలిసిపోతుంది. కన్నడ బడిలో 'బేడ' అని నేర్చుకున్నాము, ఇంట్లో 'వద్దు', వీధిలో 'వేండాం'. ఏ భాషలోనైనా చిన్న మాటే, కానీ అన్నవాడికి ఖర్చు ఎక్కువ. డైవింగ్ గ్యారంటీ అంటే ఆ మాట ముందే అమ్ముడుపోయిందని మా భయం. అమ్మినవాడు ఊళ్ళో ఆఫీసులో ఉంటాడు, నీళ్ళలో దించేవాడు వేరే. గాలి చెడిన రోజు ఆ కుర్రాడు ఎవరి మాట వినాలి?

వచ్చి స్థిరపడిన వాళ్ళకు పేరే పెట్టుబడి. ఇది మనకు తెలియని సంగతి కాదు. జి.డి. నాయుడు గారు 1920లో ఒకే బస్సుతో, తానే నడుపుతా, పొల్లాచ్చి–పళని దారిలో మొదలుపెట్టినారు. మదురైలో డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టినప్పుడు తోడబుట్టినవాళ్ళే పక్కన నిలిచినారు. చేసేవాడూ జవాబు చెప్పేవాడూ ఒకరే అయిన చోట నమ్మకం పెరుగుతుంది.

మామ ఒకరు ఎదురు ప్రశ్న వేసినారు: 'ఇంటి వ్యాపారమైతే అడిగేవాళ్ళు ఎవరు? బంధువులే కదా, సర్దుకుంటారు.' నిజమే. ఇంటివాళ్ళు మంచివాళ్ళని సిలిండర్ మంచిది కాదు. అందుకే అడిగి చూసుకోవాలి. నేర్పించేవాళ్ళ సర్టిఫికెట్ ఏది? కొత్తవాళ్ళు ఎంత మందికి ఒకరు తోడు? పడవలో ఆక్సిజన్ ఉందా? సామాను సర్వీసు ఎప్పుడు చేయించినారు? ఆరోగ్య ఫారం నింపిస్తారా? చివరగా, పోయిన సారి ఎవరిని, ఎందుకు వద్దన్నారు? ఈ ఆఖరి ప్రశ్నకు వెంటనే జవాబు వచ్చిన చోట దిగవచ్చు. జవాబు రాకపోతే గది చిన్నదైనా పెద్దదైనా వద్దు.

మన వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉన్నవాళ్ళు దాచకుండా చెప్పాలి. పదేళ్ళ లోపు పిల్లలు ఒడ్డున ఆడుకుంటే చాలు. ఒక్కసారే దిగితే 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు గడవకుండా విమానం ఎక్కకూడదు, కాబట్టి ఆఖరి రోజు డైవింగ్ పెట్టుకోవద్దు. పగడాలను తాకవద్దు. 1998లోనూ 2010లోనూ సముద్రం వేడెక్కి అవి తెల్లబడి చచ్చినాయి, మిగిలినవే ఇప్పుడు మనం చూసేది.

ఐదు రోజులకు బదులు ఆరు రోజులు పెట్టుకుందాము. వాళ్ళు ఒక పొద్దున వద్దంటే పిల్లలకు కొబ్బరి నీళ్ళు ఇప్పించి ఒడ్డున కూర్చుందాము. ఆ ఒక్క రోజు ఖర్చు మా పాలికి వేయండి.