చేపతోక రెక్క

బిలాస్‌పూర్, రైల్వే కాలనీ

మన కాలనీ పిల్లలకు,

మొన్న ఆదివారం మీరు పైథాన్‌లో చేసి తెచ్చిన రైళ్ల ప్రోగ్రాం చూశాను. తిరుపతి ఎక్స్‌ప్రెస్, కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే బండి అన్నీ తెర మీద పెట్టారు. చాలా సంతోషమైంది. అయితే ఒకే ఇంజన్ బొమ్మను ఎరుపులో ఒకసారి, పసుపులో ఒకసారి, ఆకుపచ్చలో ఒకసారి గీసుకున్నారు. ఈ ఉత్తరం అందుకోసమే.

మీరు రెక్క సిగ్నళ్లు చూసి ఉండరు. నేను సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో చేరినప్పుడు మాకు ముందు నేర్పింది రెక్క ఆకారం, రంగు తర్వాత. కొస తిన్నగా ఉన్న రెక్క అడ్డంగా ఉంటే బండి ఆగాలి, కిందికి వాలితే వెళ్లాలి. కొస చేపతోకలా చీలి ఉంటే అది వార్నర్ సిగ్నల్. అది అడ్డంగా ఉన్నా ఆగక్కర్లేదు, ముందున్న సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధపడి రావాలి. కొసన ఆ చిన్న కోతే ముఖ్యమైన తేడా! పగటిపూట డ్రైవరు ఆ రూపాన్నీ వాలునీ చూసే బండి నడిపేవాడు. దీపం రంగుతో పని రాత్రికే.

ఒక్కో చుక్కకు ఒకే బిట్ ఉండే బొమ్మ కూడా అలాంటిదే, అందులో ఆకారమే ఉంటుంది, రంగు ఉండదు. 32 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మకు 128 బైట్లు చాలు. అదే చుక్కకు నాలుగు బైట్ల రంగు బొమ్మయితే 4096 కావాలి. 1984లో వచ్చిన మెకింతోష్ కంప్యూటర్ తెరలో ఉన్నవి నలుపు, తెలుపే. సూజన్ కేర్ అనే డిజైనర్ గళ్ల కాగితం మీద గళ్లు నింపుతూ దానికి ఐకాన్లు గీసింది.

ఎక్స్‌బీఎం అనే రకం బొమ్మ ఫైలు తెరిచి చూడండి. అది సీ భాషలో రాసిన అంకెల వరుస, కళ్లతో చదువుకోవచ్చు. ఒక చోట మాత్రం జాగ్రత్త. ఎనిమిది చుక్కల్లో ఎడమ నుంచి మొదటి మూడింటి బిట్లు 1, మిగతావి 0 అయితే ఎక్స్‌బీఎంలో ఆ బైటు 7, విండోస్ బిట్‌మ్యాప్‌లో 224. ఎడమ చుక్క ఒకదాంట్లో చిన్న బిట్, ఇంకోదాంట్లో పెద్ద బిట్. ఇది తెలియక నేను గీసిన మొదటి ఇంజన్ ఎనిమిదేసి చుక్కలకు ఒకసారి తిరగబడి, ముక్కలు ముక్కలుగా కనబడింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

తర్వాత ఇంజన్ కిటికీ దగ్గర చిక్కుపడ్డాను. సున్నా అంటే తెలుపు అనుకున్నాను. బ్యాక్‌గ్రౌండ్ తెలుపు పెడితే ఇంజన్ చుట్టూ తెల్లపెట్టె వచ్చి పట్టాలను కప్పేసింది. పైథాన్‌లో తెర మీద బొమ్మలు చూపే టికింటర్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఖాళీగా వదిలితే పెట్టె పోయింది గానీ, ఇంజన్ కిటికీలోంచి పట్టాలు కనబడ్డాయి. కిటికీలోని సున్నా వేరు, ఇంజన్ బయటి సున్నా వేరు. కిటికీది తెల్లటి చుక్క, బయటిది అసలు లేని చుక్క. ఒక్క బిట్ ఈ రెండూ చెప్పలేదు. అందుకే మాస్క్ అనే రెండో బొమ్మ కావాలి. ఇంజన్ నిండు ఆకారమంతా 1, బయట 0. మాస్క్‌లో 0 ఉన్నచోట టికింటర్ ఏమీ గీయదు. 1 ఉన్నచోట మొదటి బొమ్మను చూసి నలుపో తెలుపో వేస్తుంది.

ఈ రెండు బొమ్మలూ కుదిరాక రంగు ఊరికే వస్తుంది. ఫోర్‌గ్రౌండ్, అంటే 1 ఉన్న చుక్కల రంగు, మార్చండి, అదే ఇంజన్ ఎరుపవుతుంది, ఆకుపచ్చవుతుంది. కానీ ఆగిన బండికీ కదిలే బండికీ రంగొక్కటే తేడాగా పెట్టకండి, ఆకారంలోనూ తేడా చూపండి. రైల్వే మెడికల్ పరీక్షలో రంగులు పోల్చుకోలేక డ్రైవరు ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రాళ్లను నేనెరుగుదును. మీ తెర వాళ్లకీ అర్థమవ్వాలి.

వచ్చే ఆదివారం గళ్ల నోటుబుక్కు, పెన్సిలు పట్టుకురండి. ల్యాప్‌టాప్ వద్దు. 16 గళ్ల వెడల్పులో చేపతోక రెక్క గీయాలి. వరండా అవతలి నుంచి చూసినా వార్నర్ అని తెలియాలి. కోత రెండు గళ్ల లోతుంటే రెక్క విరిగినట్టుంది, నాలుగైతే బాగుందనిపించింది నాకు. మీ కళ్లకు ఎన్ని కావాలో చూద్దాం.

మీ తాతయ్య